తాపీ జారిపడితే ఏడ్చేదెవరు?

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక వాక్యం చెబుతాను. వినండి. "అమ్మ తన నీడని మడతపెట్టి, బీరువాలో పెట్టి తాళం వేసి, బయటికి వెళ్లింది."

మామూలు కథలో ఈ వాక్యం ఎదురైతే మనం దీన్ని పోలిక అనుకుంటాం. ఆవిడ ఏదో బాధ దాచుకుందని అర్థం చెప్పుకుని, తర్వాతి వాక్యానికి వెళ్లిపోతాం. ఊహాకథల సంపుటిలో అలా కుదరదు. అక్కడ నీడ అంటే నీడే. మడత పడుతోందంటే దానికి బట్టలాగా కొంత మందం ఉంది. తాళం వేసిందంటే ఎత్తుకుపోయేవాళ్లు ఉన్నారు. ఎత్తుకుపోతున్నారంటే ఎక్కడో కొనేవాళ్లు కూడా ఉండి ఉండాలి. నీడ లేకుండా బయటికి వెళ్లింది కదా, మరి ఆ ఊళ్లో నీడ లేకుండా తిరగడం తప్పు కాదా? లేక ఎవరూ చూడకూడదని చీకటి పడ్డాక వెళ్లిందా? ఆ బీరువాలో ఇంకెవరి నీడలున్నాయి? నాన్న నీడ ఉందా?

ఇది ఏ పుస్తకంలోదీ కాదు, ఈ సాయంత్రం కోసం నేనే రాసుకున్న వాక్యం. కథ ఇంకా మొదలే కాలేదు, మనకి అప్పుడే ఇన్ని సందేహాలు వచ్చాయి. ఈ రకం కథలు చదవడంలో నాకున్న ఆనందమంతా ఇక్కడే ఉంది. రచయిత చెప్పింది చెప్పినట్టుగా నమ్మాలి. నమ్మాక వెంటనే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాలి.

ఇంగ్లీషులో స్పెక్యులేటివ్ ఫిక్షన్ అనేదాన్ని నేను ఈ రోజు ఊహాకథ అంటాను. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ, జరగని చరిత్రని జరిగినట్టు రాసే కథలు, అన్నీ ఆ గొడుగు కిందకే వస్తాయి. 1926 ఏప్రిల్‌లో అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బాక్ 'అమేజింగ్ స్టోరీస్' అనే పత్రిక మొదలుపెట్టాడు. పూర్తిగా సైన్స్ ఫిక్షన్‌కే ఒక ఇంగ్లీషు పత్రిక ఉండటం అక్కడి నుంచే మొదలైంది. 1947లో రాబర్ట్ హైన్‌లైన్ ఒక వ్యాసంలో స్పెక్యులేటివ్ ఫిక్షన్ అన్న మాట వాడాక ఆ పేరు బాగా వ్యాప్తిలోకి వచ్చింది. పేర్ల గురించి ఇంతకంటే అక్కర్లేదు.

పేర్ల కంటే నాకు మన భాషలోని రెండు చిన్న ముక్కలు ఎక్కువ పనికొచ్చాయి. ఒకటి 'తే'. వస్తే, పోతే, ఉంటే, లేకపోతే. చనిపోయినవాళ్ల గొంతు ఫోన్‌లో వినిపిస్తే? నిద్రని అప్పుగా ఇచ్చి పుచ్చుకోగలిగితే? ఊహాకథలో ఉన్న కొత్తదనమంతా ఆ 'తే' మీదే నిలబడి ఉంటుంది. రెండోది 'అట'. "అనగనగా ఒక రాజు ఉండేవాడట" అంటాం. ఆ 'అట' ఉన్నంతసేపూ చెప్పేవాళ్లకీ పూచీ లేదు, వినేవాళ్లకీ లేదు. ఎవరో చెప్పగా విన్నాం, అంతే. మంచి ఊహాకథ ఆ 'అట'ని తీసేస్తుంది. "ఆకాశంలో ఆరు సూర్యుళ్లున్నాయి" అని చెప్పేస్తుంది, ఉన్నాయట అనదు. అప్పుడు మనం ఆ ఆరు సూర్యుళ్ల కింద నిలబడక తప్పదు.

ఈ కథలు ఎలా చదవాలో నాకు నేర్పింది నిజానికి ఏడు చేపల కథ. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపూ గడ్డిమోపూ ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మేయలేదు. అలా ఒక్కొక్కరినీ అడుగుతూ పోతే చివరికి చీమ దగ్గర తేలుతుంది. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంటుంది. చిన్నప్పుడు ఆ చివరి మాట కోసం ఎదురు చూసేవాళ్లం. పెద్దయ్యాక నాకు ఆ ప్రశ్నల వరస ఎక్కువ నచ్చింది. ఎక్కడో పుట్టలో వేలు పెడితే ఇంకెక్కడో చేప ఎండకుండా ఉండిపోయింది. మధ్యలో ఆవు ఉంది, పసివాడున్నాడు, ఒకరి మీద ఒకరు ఆధారపడిన బతుకులున్నాయి. మంచి ఊహాకథలో రచయిత ఎక్కడో ఒక చోట పుట్టలో వేలు పెడతాడు. ఎండని చేప మనకి కనిపిస్తుంది. మధ్యలో ఉన్నవాళ్లనందరినీ ఒక్కొక్కరినీ ఆపి అడగడం పాఠకుడి పని.

ఒక కథ దగ్గరగా చూద్దాం. టెడ్ చియాంగ్ మొదట అచ్చు వేసిన కథ 'టవర్ ఆఫ్ బాబిలాన్', 1990లో వచ్చింది. ఆకాశం నిజంగానే రాతి కప్పు అయితే, ఆ కప్పుని అందుకునేంత ఎత్తు గోపురం మనుషులు కడితే ఏమవుతుంది అన్నది అందులోని 'తే'. కింది నుంచి ఇటుకల బళ్లు లాక్కుంటూ పైకి చేరడానికి నెలలు పడుతుంది. అందుకని గోపురం మీదే, మధ్య అంతస్తుల్లో, మనుషులు కాపురాలు పెట్టేశారు. అక్కడే కూరగాయలు పండించుకుంటారు, అక్కడే పిల్లల్ని కంటారు.

ఇందులో గోపురం ఎత్తు చదివి అబ్బురపడటం మొదటి చదువు. నన్ను ఆపేసింది మాత్రం ఒక తాపీ. మేస్త్రీ చేతిలో ఉండే మామూలు తాపీ. గోపురానికి బళ్లు లాగేవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లని ఆటపట్టించడానికి ఒక మాట చెబుతారు. పైన పనిచేసేవాడి చేతిలోంచి ఇటుక జారిపడితే పెద్ద నష్టం లేదు. తాపీ జారిపడితే ఏడుస్తారు. ఎందుకంటే కింది నుంచి ఇంకో తాపీ వచ్చేసరికి నెలలు గడుస్తాయి. అన్నాళ్లూ అతనికి పని లేదు, పని లేకపోతే కూలి లేదు, తిండికి అప్పు చేయాలి. అదే మనిషి పడిపోయి తాపీ పైనే మిగిలిపోతే, తాపీ పోగొట్టుకున్న ఇంకొకడు దాన్ని తీసుకోవచ్చు, అప్పుల పాలు కానక్కర్లేదు. అందుకని లోపల్లోపల హమ్మయ్య అనుకుంటారు.

నేను ఇది చదివి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను. గోపురం ఎత్తు ఎంతో అంకెల్లో చెబితే నాకు అందలేదు. తాపీ ఖరీదు చెబితే అందింది. అంత పెద్ద ఊహ బరువు చివరికి వచ్చి ఒక కూలివాడి కుడిచేతి మీద పడింది. అప్పటి నుంచి ఏ ఊహాకథ చదివినా నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: ఈ ఊహ భారం ఎవరి నెత్తిన పడింది? ఈ కొత్త లోకాన్ని రోజూ మోస్తున్నది ఎవరు?

ఈ ప్రశ్న అడిగితే కొన్ని కథలు వెంటనే విరిగిపోతాయి. వాటిలో వింత ఉంటుంది, దాని కింద మనుషులుండరు. ఎగిరే నగరం ఉంటుంది, దాన్ని ఊడ్చేవాళ్లుండరు. అలాంటి కథల్ని నేను ఒకసారి చదివి వదిలేస్తాను. కొన్ని కథలేమో ఈ ప్రశ్నకి ఎంత తవ్వితే అంత ఇస్తాయి.

ఆరు సూర్యుళ్లన్నాను కదా. అది ఐజాక్ అసిమోవ్ 'నైట్‌ఫాల్' కథలోని లోకం. 1941 సెప్టెంబరులో 'అస్టౌండింగ్' పత్రికలో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 21. వెయ్యేళ్లకొక్క రాత్రి మాత్రమే నక్షత్రాలు కనిపిస్తే మనుషులు వాటిని ఎంతగా ఆరాధిస్తారో అన్న అమెరికా రచయిత ఎమర్సన్ మాటని పత్రిక సంపాదకుడు జాన్ కాంబెల్ ఆయనకి చూపించాడు. ఆరాధించరు, పిచ్చెక్కుతారు అన్నది కాంబెల్ అభిప్రాయం. అక్కడి నుంచి ఈ కథ పుట్టింది. లగాష్ అనే గ్రహం, ఎప్పుడూ ఏదో ఒక సూర్యుడు వెలుగుతూనే ఉంటాడు. 2,049 ఏళ్లకి ఒకసారి మాత్రం చీకటి పడుతుంది.

గ్రహణం లెక్కలు, పాత నాగరికతల బూడిద, ఇవన్నీ బాగున్నాయి. నేను మళ్లీ మళ్లీ తిరిగివెళ్లేది ఒక చిన్న సన్నివేశానికి. చీకటి దగ్గరపడుతుంటే శాస్త్రవేత్తలు కొన్ని కర్రల్లాంటివి బయటికి తీస్తారు. ఎండిన రెల్లులాంటి దాన్ని కొవ్వులో నానబెట్టి చేసినవి. కొస అంటిస్తారు. వెలుగుతుంది. పొగ వస్తుంది, కంపు కొడుతుంది, అయినా ఆ పసుపు వెలుగు చూసి అందరి ప్రాణం కుదుటపడుతుంది. అవి దివిటీలు. ఖగోళశాస్త్రం తెలిసినవాళ్లు, గురుత్వాకర్షణ లెక్కలు కట్టినవాళ్లు, వాళ్ల పరిశోధనల్లో కొత్తగా కనిపెట్టిన వస్తువు దివిటీ! ఎప్పుడూ చీకటే లేని చోట దీపం ఎవరికి కావాలి?

ఈ కథని నేను మా అమ్మకి చదివి వినిపించాను. అమ్మకి కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు చదవొద్దన్నారు. పుస్తకం లేకుండా ఆవిడకి రోజు గడవదు. అందుకని రోజూ సాయంత్రం ఒక కథ చదివి తెలుగులో చెప్పేవాడిని. అమ్మ సైన్స్ ఫిక్షన్ ఎప్పుడూ చదవలేదు. లెక్కలొచ్చిన చోట నేను తడబడుతుంటే, "సరేలే, తర్వాత ఏమైందో చెప్పు" అనేది. దివిటీల దగ్గరికి వచ్చేసరికి నన్ను ఆపింది.

"మరి వాళ్లు పిల్లల్ని ఎలా నిద్రపుచ్చుతారురా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. కథలోనూ లేదు. చీకటి పడదు. ఆటలు చాలించి లోపలికి రమ్మని పిలవడానికి పొద్దుపోవడమే లేదు. దీపం తగ్గించడం లేదు. అక్కడ జోలపాట ఏమని ఉంటుంది? చందమామని పిలవడానికి రాత్రి ఏది? అమ్మ, నేను ఆ సాయంత్రం కథ పక్కన పెట్టేసి అరగంట ఇదే మాట్లాడుకున్నాం. కిటికీలు మూసి నిద్రపోదామంటే వాళ్లకి చీకటంటే చచ్చేంత భయం. కథలోనే ఒక చోట చెబుతారు: ఒక ప్రదర్శనలో సరదాకి పదిహేను నిమిషాల పాటు చీకటి సొరంగంలో తిప్పితే, బయటికి వచ్చాక గదుల్లోకి వెళ్లడానికే భయపడిపోయినవాళ్లున్నారు. అంటే వాళ్ల పిల్లలు వెలుగులోనే నిద్రపోవాలి. కళ్లు మూసుకుంటే వచ్చే ఆ కొంచెం చీకటి ఒక్కటే వాళ్లకి తెలిసిన చీకటి. "అయితే ప్రతి పసివాడూ నిద్రకి ముందు భయపడే ఉంటాడు" అంది అమ్మ. నేను ఆ కథ అప్పటికి నాలుగైదు సార్లు చదివాను. ఒక్కసారి కూడా నాకు ఆ ఇంటి లోపలికి చూడాలని తోచలేదు.

ఇలాంటి కథలు చదవడానికి సైన్స్ రావాలేమో అని టెన్షన్ పడేవాళ్లు నన్ను తరచు కలుస్తుంటారు. వాళ్లకి నేను అమ్మ అడిగిన ప్రశ్నే చెబుతాను. గ్రహాల కక్ష్యలు అర్థమైతే మంచిదే, కథ ఇంకొంచెం ఎక్కువ ఇస్తుంది. అర్థం కాకపోయినా, ఆ లోకంలో పిల్లల్ని పడుకోబెట్టేది ఎవరు, అంట్లు తోమేది ఎవరు, జబ్బు చేస్తే ఎవరి దగ్గరికి వెళతారు అని అడగడం అందరికీ వచ్చు. సగం మంది రచయితలు అక్కడే దొరికిపోతారు. మిగతా సగం అక్కడే మన మనసు గెలుచుకుంటారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. రచయిత పెట్టిన షరతుని నమ్మాలన్నాను కానీ, ఆ షరతు ఎవరు పెట్టారో మరచిపోకూడదు. టామ్ గాడ్విన్ 1954లో రాసిన 'ది కోల్డ్ ఈక్వేషన్స్' అని ఒక కథ ఉంది. మందు తీసుకుని వెళుతున్న చిన్న అంతరిక్ష నౌక. ఇంధనం నడిపేవాడి బరువుకి సరిగ్గా సరిపోయేంతే ఉంది. అన్నయ్యని చూడాలని ఒక అమ్మాయి చెప్పకుండా అందులో ఎక్కి దాక్కుంది. ఆమె ఉంటే నౌక దిగలేదు, మందు అందకపోతే అవతల మనుషులు చనిపోతారు. లెక్క లెక్కే, దానికి జాలి ఉండదంటుంది కథ.

మొదటిసారి చదివినప్పుడు నేను కన్నీళ్లు పెట్టుకున్నాను. రెండోసారి చదివినప్పుడు కోపం వచ్చింది. ఆ నౌక తలుపుకి సరైన తాళం ఎందుకు లేదు? లోపలికి రావద్దని ఒక బోర్డు రాసి పెట్టి ఊరుకుంటే చాలా? బయలుదేరే ముందు ఒక్కసారి లోపల చూసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఇంధనం చుక్క కూడా ఎక్కువ పెట్టకూడదని ఎవరు నిర్ణయించారు? గురుత్వాకర్షణ ప్రకృతి సూత్రమే. ఖర్చు తగ్గించుకుందామని ఇంధనం సరిగ్గా కొలిచి పోయడం మాత్రం ఏదో ఆఫీసులో కూర్చున్న మనిషి చేసిన పని. కథ ఆ మనిషిని మనకి చూపించదు, భౌతికశాస్త్రాన్ని చూపించి తలవంచుకోమంటుంది. ఈ కథ మీద పాఠకులు దశాబ్దాల తరబడి వాదించుకుంటూనే ఉన్నారు. ఆ వాదన వల్లే నాకు ఈ కథంటే ఇష్టం. "వేరే దారి లేదు" అని బయట ఎవరైనా అన్నప్పుడు కూడా ఇప్పుడు నాకు ముందు ఆ నౌక తలుపే గుర్తొస్తుంది.

ఇక సంపుటిగా చదవడం గురించి. ఇది నవల చదవడం లాంటిది కాదు. నవలలో ఒకసారి లోకంలోకి దిగాక మూడు వందల పేజీలు అందులోనే ఉంటాం. సంపుటిలో ప్రతి ఇరవై పేజీలకీ లోకం మారిపోతుంది. గాలి మారుతుంది, నియమాలు మారతాయి, చనిపోవడం అంటే ఏమిటో కూడా మారొచ్చు. ఒక కథ ముగిసిన వెంటనే ఇంకోటి మొదలుపెడితే పాత లోకం నియమాలు కొత్తదానిలోకి మోసుకెళతాం. నేను చాలా ఏళ్లు ఆ తప్పు చేశాను. పుస్తకం దొరకగానే రెండు రాత్రుల్లో పూర్తి చేసేవాడిని. తర్వాత ఎవరైనా అడిగితే అన్నీ కలిసిపోయి ఏ కథ ఎక్కడ మొదలైందో గుర్తుండేది కాదు.

నా అలవాటు మార్చింది ఒక లెక్క. ఇందాక చెప్పిన గోపురం కథ 1990లో వచ్చింది. అది ఉన్న సంపుటి, 'స్టోరీస్ ఆఫ్ యువర్ లైఫ్ అండ్ అదర్స్', 2002లో వచ్చింది. అందులో ఉన్నవి ఎనిమిది కథలు. పన్నెండేళ్లకి ఎనిమిది. రెండో సంపుటి 2019లో వచ్చింది, అందులో తొమ్మిది. ఒక మనిషి ఒక్కో ఊహని ఏడాదికి పైగా మనసులో పెట్టుకుని, దాని మూలమూలలూ తిరిగి చూసి రాస్తే, నేను దాన్ని గంటలో మింగి పక్కన పడేస్తున్నాను. అది గ్రహించాక రోజుకి ఒకటి కంటే ఎక్కువ చదవడం మానేశాను. అమ్మకి చదివి వినిపించిన ఆ రోజుల్లో ఇది ఇంకా బాగా తెలిసింది. సాయంత్రం విన్న కథని అమ్మ మర్నాడు పొద్దున దాకా నమిలేది. కాఫీ తాగుతూ ఉన్నట్టుండి, "ఆ గోపురం మీద పుట్టిన పిల్లలు నేల చూశాక ఏమనుకుంటారో" అనేది. కథ కంచికి పోలేదన్నమాట, ఇంట్లోనే తిరుగుతోంది.

రోజుకొకటి చదివితే ఇంకొకటి కూడా జరుగుతుంది. నాలుగైదు కథలయ్యాక రచయిత దిగులు ఏమిటో తెలిసిపోతుంది. లోకాలు వేరు, కాలాలు వేరు, కానీ ఒకే ముల్లు మళ్లీ మళ్లీ గుచ్చుకుంటూ ఉంటుంది. ఒకరికి మరిచిపోవడం అంటే భయం. ప్రతి కథలోనూ ఎవరో ఒకరు ఏదో ఒక గుర్తుని కాపాడుకుంటూ కనిపిస్తారు. ఇంకొకరికి తల్లిదండ్రుల మాట ఎత్తకుండా కథ నడవదు, అంతరిక్షంలో రాసినా సముద్రం అడుగున రాసినా. విడివిడిగా పత్రికల్లో చదివినప్పుడు ఇది పట్టుబడదు. ఒక అట్టల మధ్యకి వచ్చాకే ఆ కథలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అందుకే వరస మార్చకుండా చదవమంటాను. మొదట ఏ కథ ఉండాలి, చివర ఏది ఉండాలి అని ఎవరో కూర్చుని ఆలోచించారు. చిన్న కథ దగ్గర ఊపిరి పీల్చుకోమని, పెద్దదాని ముందు సిద్ధపడమని ఆ వరసే మనకి చెబుతుంది. వెనక రచయిత ఒక్కో కథ ఎలా పుట్టిందో నోట్స్ రాసి ఉంటే, వాటిని మాత్రం ఆఖరున చదవండి. ముందే చదివితే ఆయన ప్రశ్న మన ప్రశ్నని మింగేస్తుంది.

"జరగనిది, జరగబోనిది చదివి ఏం లాభం?" అని అడిగేవాళ్లకి రే బ్రాడ్‌బరీ అంగారక గ్రహం మీద రాసిన కథల గురించి చెబుతాను. అవి 1950లో 'ది మార్షియన్ క్రానికల్స్' పేరుతో పుస్తకంగా వచ్చాయి. అందులో అంగారకుడి మీద కాలువలున్నాయి, పీల్చుకోవడానికి గాలి ఉంది, అక్కడి మనుషులున్నారు. పదిహేనేళ్లకి, 1965 జూలైలో మారినర్ 4 అనే అమెరికా అంతరిక్ష నౌక అంగారకుడి పక్కనుంచి వెళుతూ ఇరవై ఒక్క ఫోటోలు తీసి పంపింది. కాలువలు లేవు. చంద్రుడి మీద ఉన్నట్టు గుంటలు ఉన్నాయి. గాలి ఒత్తిడి భూమి మీద ఉన్నదానిలో వందో వంతు కూడా లేదు. ఆ పుస్తకంలో ఉన్న అంగారకుడు అంతటితో అబద్ధమైపోయాడు. పుస్తకం మాత్రం ఇప్పటికీ చదువుతున్నారు. కొత్త చోటికి వెళ్లినవాళ్లు అక్కడ ముందు నుంచీ ఉన్నవాళ్లని ఏం చేస్తారన్నది అందులోని ప్రశ్న. దానికి టెలిస్కోపుతో పనిలేదు.

అందులోనే భూమ్మీద జరిగే ఒక కథ ఉంది. తనంతట తానే పనిచేసే ఇల్లు. పొద్దున్నే టైమ్ చెబుతుంది, అల్పాహారం వండుతుంది, ఎవరూ తినకపోతే పారేసి గిన్నెలు కడుగుతుంది. ఇంట్లో మనుషులు లేరు. బాంబు పడింది. ఇంటి బయటి గోడ నల్లగా మాడిపోయింది, ఐదు చోట్ల తప్ప. ఆ ఐదు చోట్లా ఆకారాలు మిగిలాయి. గడ్డి కోస్తున్న మగమనిషి, పువ్వు కోయడానికి వంగిన ఆడమనిషి, చేతులు పైకి విసిరిన పిల్లవాడు, కాస్త పైన బంతి, దాన్ని పట్టుకోవడానికి చేతులు చాచిన పాప. ఆ బంతి ఇక కిందికి రాదు. ఆ కథ చదివేవాళ్లకి గోడ మీద నీడలంటే 1945 హిరోషిమా గుర్తురాక మానదు. అక్కడ రాతి మెట్ల మీద నిజంగానే మనిషి ఆకారం మిగిలింది. జరగనిదాని గురించి చదువుతున్నాం అనుకుంటూనే మనం జరిగినదాని ముందు నిలబడతాం.

ఇంకా పాత కథ ఒకటి. 1905లో బెంగాల్ రచయిత్రి బేగం రొకేయా ఇంగ్లీషులో 'సుల్తానాస్ డ్రీమ్' రాశారు. మద్రాసు నుంచి వెలువడే 'ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో వచ్చింది. ఆ లోకంలో మగవాళ్లు ఇంటి లోపల పరదాలో ఉంటారు, ఆడవాళ్లు రాజ్యం నడుపుతారు. మబ్బుల నుంచి నేరుగా నీళ్లు తీసుకుంటారు, గాలిలో ఎగిరే బండ్లున్నాయి. వీటన్నిటి కంటే నాకు అందులోని వంటిల్లు ఇష్టం. కూరగాయల తోట మధ్యలో ఉంటుంది. బొగ్గు లేదు, పొగ లేదు. ఎండ వేడితో వండుతారు. ఎగిరే బండిని ఊహించినవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. పొగ లేని వంటింటిని ఊహించాలంటే, పొగ ఎవరి కళ్లలోకి వెళుతోందో తెలిసి ఉండాలి. ఇందాకటి ప్రశ్నకి రొకేయా కథ మొదలుపెట్టక ముందే జవాబు తెలుసు.

చాలాసేపు తీసుకున్నాను. ఒక్క సంగతి చెప్పి ఆపేస్తాను.

మొదట చెప్పిన నీడ వాక్యం ఈ ప్రసంగం కోసం రాసుకున్నప్పుడు నా మనసులో ఒక కథ ఉంది. ఆ ఊళ్లో నీడల్ని కుదువ పెట్టుకుంటారు. ఆవిడ దగ్గర మిగిలింది ఆ ఒక్క నీడ. దాన్ని అప్పులవాళ్ల కంటపడకుండా బీరువాలో దాచి, కూలికి వెళ్లింది. తాపీ కథ నా మీద ఎంత పనిచేసిందో మీకు తెలుస్తూనే ఉంది. మొన్న అమ్మకి ఆ వాక్యం చదివి, ఎందుకు దాచి ఉంటుందో చెప్పమన్నాను. అమ్మ పెద్దగా ఆలోచించలేదు.

"దాచలేదురా, ఇంట్లో వదిలి వెళ్లింది. పిల్లాడు ఒక్కడే ఉన్నాడు కదా. తోడుకి" అంది.

"మరి తాళం ఎందుకు?"

"పిల్లాడు దాన్ని బయటికి తీసి ఆడుకుంటూ చింపేస్తే, ఆవిడ తిరిగి ఎలా వస్తుంది?"

ఆ వాక్యంలో పిల్లాడి ఊసే లేదు. కానీ 'అమ్మ' అని రాసింది నేనే. ఆ మాట రాశానంటే ఆ ఇంట్లో ఆమెని అలా పిలిచేవాడొకడు ఉన్నట్టే, అది నాకే కనపడలేదు. ఇప్పుడు ఆ పిల్లాడు తాళం వేసిన బీరువా ముందు కూర్చుని ఉన్నాడు, నేను రెండో వాక్యం రాయలేకపోతున్నాను. మీలో ఎవరికైనా ఏమైనా తోస్తే ఇప్పుడు చెప్పండి, వింటాను. నమస్కారం.